పుస్తకాల బండిలో చీడికాడ దాకా

మా ముత్తాత వేంకటాద్రి గారు పన్నెండు గ్రామాలకు మొఖాసాదారు. ఆయన పల్లకి గోదావరి దాటేటప్పుడు రేవులో తక్కిన పడవలన్నీ ఆగేవి. మా తాత సోమరాజు గారి కాలానికి గ్రామాలు ఏడయ్యాయి గాని, ఇంట్లో పుస్తకాలు పెరిగాయి. రంగూను టేకుతో ఎనిమిది అలమరాలు చేయించి, అద్దపు తలుపులు పెట్టించి, పదకొండు వందల పైచిలుకు పుస్తకాలు కొన్నారాయన. ప్రతి పుస్తకంలోనూ ఇరవై ఏడో పుటలో మా ఇంటి ముద్ర వేయించారు. దొంగ మొదటి పుట చింపుతాడు, చివరి పుట చింపుతాడు గాని ఇరవై ఏడో పుట జోలికి పోడని ఆయన నమ్మకం. పుస్తకం మా గడప దాటరాదన్నది ఆయన పెట్టిన కట్టడి. మా నాన్నగారి హయాంలో వ్యాజ్యాలు వచ్చి ఆ ఏడు గ్రామాలూ పోయాయి. నా వంతుకు సగం ఇల్లు, ఎనిమిది అలమరాలు, ఒక తాళంచెవుల గుత్తి మిగిలాయి. జాలి కోసం ఇది చెప్పడం లేదు. ప్రయాణం చేసినవాడు ఎవరో తెలియకుండా అతని ప్రయాణం గురించి చదవమనడం మర్యాద కాదు కనుక చెప్పాను.

యుద్ధం ముగిసిన మరుసటి ఏడు మా లంక గ్రామంలో గ్రంథాలయ సంఘం పెట్టారు. దానికి అధ్యక్షుడు మా పాత గుమాస్తా గారి కొడుకు. మా తాతగారి పుస్తకాలు ఊరికి ఇమ్మని సంఘంవారు అడిగారు. శిక్షణ లేని చేతులు ఆ పుస్తకాలను ముట్టుకోవడానికి వీల్లేదన్నాను. అయితే అనకాపల్లిలో నెల రోజుల గ్రంథాలయ శిక్షణ తరగతి నడుస్తోంది, ఎవరినైనా పంపుదామన్నాడు అధ్యక్షుడు. నేనే వెళతానన్నాను. యోగ్యతాపత్రం తెచ్చుకుంటే తాళంచెవులు నా దగ్గరే ఉంటాయి, తెచ్చుకోలేకపోతే సంఘం చేతిలో పెడతానని పదిమందిలో మాట ఇచ్చాను. అంత మాట అనవలసింది కాదు. కాని అన్నమాట వెనక్కి తీసుకునే అలవాటు మా వంశంలో లేదు. గ్రామాలు పోవడానికి అదీ ఒక కారణం.

రైలు దిగగానే వాసన

అనకాపల్లి స్టేషనులో దిగినవాడు ఊరి పేరు బోర్డు మీద చదవనక్కరలేదు. మాఘమాసం కావడంతో గాలి నిండా బెల్లం వాసన. జట్కా గుర్రం కూడా పక్కనున్న బండి పట్టెను నాకుతూ నిలబడి ఉంది. బెల్లం దిమ్మ ఒకటి ఎప్పుడో అక్కడ కారిందట.

బజారు వీధిలో ఒక పూటకూళ్ల ఇంట దిగాను. భోజనం ఆరణాలు. ఆవ పెట్టిన అరటికాయ కూర మొదట వడ్డించారు. ఆవ మా ఇళ్లలోనూ పెడతారు గాని ఈ మోతాదులో కాదు. రెండో ముద్దకు నా కళ్లు ధారగా కారాయి. వడ్డించే పెద్దావిడ కాసేపు చూసి, "ఏటి బాబూ, ఇంటి మీద బెంగెట్టుకున్నారా?" అని అడిగింది. నాకు బెంగలు ఉండవని చెప్పాను. ఆవిడ నమ్మలేదు. మరో గరిటె నెయ్యి వేసింది. పక్కన గిన్నెలో ఎర్రగా, చిక్కగా ఉన్నదాన్ని పాయసమనుకుని చివరకు దాచుకున్నాను. అది పులుసు. మా సీమలో పులుసులో బెల్లం ఉందా లేదా అని నాలుక వెతుక్కోవాలి. ఇక్కడ బెల్లంలో పులుసును వెతుక్కోవాలి. మూడు రోజులలో అలవాటైపోయింది. ఇంటికి వచ్చాక మా పులుసు చప్పగా ఉందని అని మాట పడ్డాను కూడా.

నాకు మరింత వింతగా తోచింది మరొకటి. మా వైపు కొత్త మనిషి కనబడితే ముందు ఇంటిపేరు, తరువాత తాతపేరు అడుగుతారు. ఇక్కడ రెండు రోజులైనా నన్నెవరూ ఏమీ అడగలేదు. మూడో రోజు నేనే చెప్పుకోవలసి వచ్చింది. బెల్లం మార్కెట్టులో ఒక వర్తకుడు చివరిదాకా ఓపికగా విని, దిమ్మ అంచున చిన్న పలుకు విరిచి నా చేతిలో పెట్టాడు. ధర అడిగాను. "రుసికి ధరేటి బాబూ," అన్నాడు.

గిడ్డంగిలో బడి

తరగతి జరిగేది గ్రంథాలయం వెనక ఒక గిడ్డంగిలో. సగంలో బెల్లం దిమ్మలు, సగంలో మేము. మేము అంటే పద్నాలుగు మందిమి, చాపల మీద. మా గురువు రామ్మూర్తి పంతులుగారు మదరాసులో ఈ విద్య చదివి వచ్చినవారు. బక్కపలచని మనిషి, ఖద్దరు తొడుగు, గొంతు మాత్రం గిడ్డంగి దాటి వినబడుతుంది. మొదటి రోజు నాకెవరూ కుర్చీ వేయలేదు. చాప మీద కూర్చోవడం నాకు అలవాటు లేక పాఠమంతా నిలబడే విన్నాను. రెండో రోజు పంతులుగారు స్వయంగా కుర్చీ మోసుకొచ్చారు. నేను ముందుకు కదిలాను. ఆయన దాని మీద ఒక పెద్ద రిజిస్టరు పెట్టి, "ఇక్కడ కుర్చీ దీనికొక్కదానికే," అన్నారు. నేను చాప మీద కూర్చున్నాను.

ఆ రిజిస్టరే మొదటి పాఠం. గ్రంథాలయానికి వచ్చిన ప్రతి పుస్తకానికీ వచ్చిన వరుసలో అందులో ఒక నంబరు పడుతుంది. ఆ నంబరే పుస్తకం మీదా వేస్తారు. ఒకసారి వేసిన నంబరును చెరపరాదు, మరో పుస్తకానికి ఇవ్వరాదు. నంబరు పడిన క్షణం నుంచి ఆ పుస్తకం గ్రంథాలయానిది, తెచ్చినవాడిది కాదు. ఈ వాక్యాన్ని అందరం మూడుసార్లు రాశాము. నా దస్తూరీ బాగుందని పంతులుగారు అందరికీ చూపించారు.

గ్రంథాలయాలవారూ లోపలి పుటలో ఒకచోట రహస్యంగా ముద్ర వేస్తారని తెలిసిన రోజున నాకు చాలా సంతోషం కలిగింది. మా తాతగారు ఏనాడో చేశారని లేచి చెప్పాను. ఏ పుటలో అని పంతులుగారు అడిగారు. ఇరవై ఏడో పుటలో అన్నాను. "అయితే ఇప్పుడది రహస్యం కాదు," అన్నారు. పద్నాలుగు మందిలో పదముగ్గురు నవ్వారు.

పుస్తకాలను దేన్నిబట్టి అమర్చాలన్న పాఠంలోనూ ఇంతే అయింది. మా అలమరాలలో పొడుగు పుస్తకాలు పై అరలో, పొట్టివి కింద అరలో ఉంటాయి. చూపుకు నదురుగా ఉంటుంది. మీ ఇంట్లో ఎవరికైనా జ్వరం వస్తే వైద్య గ్రంథం కోసం ఎక్కడ వెతుకుతారని పంతులుగారు అడిగారు. దాని పొడుగు గుర్తుంటే తొందరగానే దొరుకుతుందన్నాను. ఆ నవ్వులో నేను కలవడానికి నాలుగు రోజులు పట్టింది.

అన్నిటికన్నా కష్టంగా తోచింది ఏరివేత. ఎవరూ చదవని పుస్తకాలనూ, చెదలు పట్టినవాటినీ, కాలం చెల్లినవాటినీ తీసివేయడం. పంతులుగారు దానిని కలుపు తీయడం అనేవారు. చుట్టూ వరీ చెరకూ పండించే ఊళ్లవాళ్లే కావడంతో తరగతిలో తక్కినవారికి ఆ మాట వెంటనే పట్టింది. మా వంశంలో దేనినీ మేముగా తీసివేయలేదు. పోయినవన్నీ వాటంతట అవే పోయాయి.

పరీక్ష ఇది: ఒక్కొక్కరూ ఇంటి నుంచి శిథిలమైన పుస్తకం ఒకటి తెచ్చుకుని, విప్పి, బాగుచేసి, నెలాఖరున అప్పగించాలి. ముందే ఉత్తరంలో రాశారు కనుక నేను పశువైద్యం మీద ఒక పాత పుస్తకం తెచ్చాను. మా ఇంట్లో పశువులు లేవు. గడప దాటినా తాతగారు తక్కువ నొచ్చుకునే పుస్తకం అదేనని నాకు తోచింది. ఎలుకలు ముందు భాగం కొరికాయి. మొదటి ముప్పై రెండు పుటలు విడిపోయాయి. కుట్టు విప్పి, అంచులు సరిచేసి, రెండు పలకల మధ్య బిగించి పెట్టాను. ఇక అతకడం, కుట్టడం మిగిలాయి.

మూడో వారంలో నా వంతు బండి వచ్చింది.

చోడవరం దారి

పట్నంలో చెప్పిన చదువు పల్లెలో నిలబడుతుందో లేదో చూడడానికి ఒక్కొక్క విద్యార్థినీ ఆరు రోజులు పుస్తకాల బండితో పంపేవారు. రెండెడ్ల బండి, గూడు కింద నాలుగు పెట్టెల పుస్తకాలు. తోలేవాడి పేరు సన్యాసి. అక్షరం రాదు. కాని చీకటి గూట్లో చెయ్యి పెట్టి అడిగిన పుస్తకం తీసి ఇస్తాడు. విషయానికో అంకె ఇచ్చే పంతులుగారి పద్ధతి బండి మీద రెండు నెలలు కూడా నడవలేదనీ, అప్పుడు తానే పద్ధతి చెప్పాననీ మొదటి మైలులోనే నాకు తెలియజేశాడు.

"పుస్తకాలు మూడు రకాలండి, బాబుగోరూ. పనివి, పున్నెంవి, పొద్దుపోడానివి. ఇంకేటున్నాయి?"

మా ఎనిమిది అలమరాలనూ మనసులో ఆ మూడు రకాలుగా సర్ది చూశాను. ఏదీ మిగల్లేదు. ఆ మూడింటికీ ఏటికొప్పాక లక్కపనివారి చేత చిన్న బుడిపెలు చేయించారు. పనివాటికి ఎరుపు, పున్నెంవాటికి పసుపు, పొద్దుపోయేవాటికి ఆకుపచ్చ. ప్రతి పుస్తకానికీ ఒక బుడిపె దారంతో వేలాడుతూ ఉంటుంది. పుస్తకం బయటికి పోతే బుడిపె పెట్టెలో ఉండిపోతుంది, తీసుకున్నవారి పేరు చీటీతో. పెట్టె తెరిచి ఖాళీ బుడిపెలు చూస్తే ఏమేమి ఊళ్లో తిరుగుతున్నాయో తెలిసిపోతుంది. అద్దంలా నున్నగా ఉన్న ఆ బుడిపెలంటే జనానికి పుస్తకాలకన్నా ఇష్టం.

చోడవరం ఇంకా మూడు మైళ్లుందనగా దారి పక్కన చెరకు గానుగ ఆడుతోంది. పొయ్యి మీద పెద్ద పెనంలో పాకం ఉడుకుతోంది. దారిన పోయేవారిని పిలిచి, చెరకాకు మడిచి వేడి పాకం పోసి ఇచ్చారు. అల్లం తగిలిన ఆ పాకం రుచి రాయడం నాకు చేతకాదు. తాగి, పక్కనున్న మట్టి బెడ్డ మీద రెండణాల బిళ్ల పెట్టాను. ఎవరి దగ్గరా ఊరికే ఏదీ తీసుకోవడం మా ఇంటా వంటా లేదు. గానుగ దగ్గర మాటలు ఆగిపోయాయి. సన్యాసి ఆ బిళ్ల తీసి నా చేతిలో పెట్టి, వాళ్లతో, "బాబుగోరికి సిల్లర బరువైపోనాది, దించుకుంతన్నారు," అన్నాడు. అందరూ నవ్వారు. పెనం దగ్గరి ముసలాయన రెండో దొన్నె పోశాడు. దాన్ని డబ్బివ్వకుండా తాగాను. అలా తాగడం నాకదే మొదటిసారి.

చీడికాడ

మూడో రోజు చీడికాడ చేరాము. బడి అరుగు పక్కన బండి నిలిపి పెట్టెలు తెరిచేసరికి జనం కమ్ముకున్నారు. ఆకుపచ్చవి ముందు పోయాయి. పసుపువి ముసలివారు తీసుకున్నారు. గంటలో అరవై పేర్లు రాశాను. మా అలమరాల తలుపులు ఏడాదికి రెండుసార్లు తెరిచేవారు, దుమ్ము దులపడానికి.

చివరికి ఒక మనిషి వచ్చి పెట్టెలకేసి చూడకుండా నిలబడ్డాడు. పేరు అప్పలనాయుడు, చెరకు రైతు. వెనక అతని భార్య నూకమ్మ. ఎడ్ల జబ్బుల గురించి పుస్తకం ఉందా అని అడిగాడు. అతని నల్లెద్దుకు గిట్టల మధ్య, నోట్లో పుళ్లు వచ్చాయి. నాలుగు ఇళ్లవారు కలిసి ఒకే గానుగ ఆడిస్తారట, ఎడ్లను వంతులవారీగా కడతారట. మిగతా మూడిళ్ల ఎడ్లకూ పాకితే గానుగ ఆగుతుంది. కోసిన చెరకు ఎండిపోతుంది. సన్యాసి పెట్టెలో చెయ్యి పెట్టి ఒక ఎర్ర బుడిపె తీసి చూపించాడు. ఉన్న ఒక్క పుస్తకమూ కిందటి నెల చోడవరంలో ఎవరో తీసుకున్నారు, ఇంకా తిరిగి రాలేదు.

నా ట్రంకు పెట్టె బండిలోనే ఉంది. పూటకూళ్ల ఇంట్లో ఎవరినీ నమ్మలేక మా తాతగారి పుస్తకాన్ని పలకలతో సహా వెంట తెచ్చుకున్నాను. పరీక్ష ఇంక తొమ్మిది రోజులు. పుస్తకం లేకపోతే యోగ్యతాపత్రం లేదు. యోగ్యతాపత్రం లేకపోతే తాళంచెవులు మా గుమాస్తా గారి అబ్బాయి చేతిలోకి పోతాయి. అప్పలనాయుడు దండం పెట్టి వెనుదిరిగాడు. నూకమ్మ కదలలేదు.

"లేదంటే లేదనండి బాబూ, ఎల్లిపోతాం. ఆ ట్రంకు పెట్టెకేసి సూత్తన్నారేటి?"

అప్పటిదాకా నేను ట్రంకు వైపు చూస్తున్నానని నాకే తెలియదు.

పెట్టె తెరిచాను. విడి పుటలను దారంతో కట్టాను. ముద్రా నంబరూ లేని పుస్తకం గ్రంథాలయపు బండి నుంచి చేతులు మారరాదని నేర్చుకున్నవాణ్ని, తరగతిలో మంచి దస్తూరీ అనిపించుకున్నవాణ్ని. బండి రిజిస్టరు తీసి, వరుసలో తరువాతి నంబరు నాలుగు వందల పన్నెండు వేసి, అదే నంబరు పుస్తకం మొదటి పుట మీద నల్ల సిరాతో చక్కగా రాసి, దాని పేరున ఒక ఎర్ర బుడిపె పెట్టెలో పెట్టి, చీటీ నింపాను. సంతకం దగ్గర అప్పలనాయుడు బొటనవేలు చాపాడు. నూకమ్మ ఆ వేలిని పక్కకు నెట్టి, తన పేరు మూడక్షరాలూ తానే రాసింది. రాస్తున్నంతసేపూ పెదవులు కదిలాయి. తమ బెల్లం అనకాపల్లి మార్కెట్టుకు పరీక్షకు రెండు రోజుల ముందే వస్తుందనీ, దానితో పుస్తకం చేరుస్తాననీ అప్పలనాయుడు మాట ఇచ్చాడు.

ఊరు దాటి మూడు ఫర్లాంగులు వెళ్లాక సన్యాసి ఎడ్లను అదిలిస్తూ, నా వైపు తిరగకుండా అన్నాడు:

"నంబరేసీసేరు గదా బాబుగోరూ. మరా పుస్తకం మనదైపోనాదండి."

ఆ తరువాత మూడు మైళ్లు నేను రిజిస్టరు తెరిచి నా దస్తూరీనే చూసుకుంటూ కూర్చున్నాను.

కొండ కింద సంత

మరునాడు కొండల మొదట్లో సంత. మెట్ట పొలాల నుంచి కొండవాళ్లు పసుపు కొమ్ములు, చింతపండు, గుమ్మడికాయలు మోసుకుని దిగారు. అక్కడే చోడి అంబలి తాగాము, ముంత అర్ధణా. మా వైపు చోళ్లు, అంటే రాగులు, తినడం చిన్నతనంగా చూస్తారు. ఆ ఎండలో ఆ చల్లని అంబలి తాగినవాడు అలా చూడడు.

ఒక కొండ పెద్దమనిషి బొమ్మలున్న కథల పుస్తకం ఒకటి ఎంచుకుని, దాని బదులు పెట్టె పక్కన ఒక గుమ్మడికాయ పెట్టాడు. పుస్తకానికి తాకట్టు పెట్టుకోవడం నిబంధన కాదని, కాయ తీసుకెళ్లమని నేను గట్టిగా చెప్పాను. ఆయనకు నా మాట అర్థం కాలేదు. చివరికి జాలిగా చూశాడు.

"మా ఊరు రెండు కొండలవతల. నాను రాకపోతే మీరేటి సేత్తారు? గుమ్మడికాయేనా ఒండుకు తినండి."

ఆ గుమ్మడికాయ ముక్కలలో సన్యాసి బెల్లం వేసి వండాడు. మరుసటి నెల సంతకు ఆ పెద్దమనిషి పుస్తకంతో వచ్చాడనీ, కాయ ఏదని అడగలేదనీ ఈ మధ్య సన్యాసి ఎవరి చేతనో ఉత్తరం రాయించాడు.

తిరుగు దారి

మళ్లీ చీడికాడ మీదుగానే వచ్చాము. పుస్తకం కనబడుతుందని గంపెడాశతో దిగాను. అది అప్పలనాయుడి ఇంట్లో లేదు. అతని ఇంట్లో నూకమ్మ వేలు పెట్టి కూడబలుక్కుంటూ చదివితే, గానుగ పొత్తున్న మూడిళ్లవారూ విన్నారట. జబ్బు ఎద్దును వేరుగా కట్టమనీ, దాని తొట్టిలో మరో ఎద్దును నీళ్లు తాగనివ్వవద్దనీ, గిట్టలు కడిగి నేల పొడిగా ఉంచమనీ అందులో ఉంది. ఇదంతా తమ ముసలివాళ్లు చెబుతూనే ఉన్నారనీ, కాని నల్లెద్దును గానుగ నుంచి తప్పించడానికి మిగతా ముగ్గురూ ఒప్పుకోలేదనీ నూకమ్మ చెప్పింది. అచ్చులో చూశాక ఒప్పుకున్నారు. ఇప్పుడు పుస్తకం మూడో ఇంట్లో ఉంది. అక్కడినుంచి నాలుగో ఇంటికి పోవాలి.

నల్లెద్దును చూశాను. ఊరి చివర చిన్న పాకలో ఒంటరిగా నిలబడి, నా వైపు నిటారుగా చూసింది. దాని పరిస్థితి నాకు కొంత అర్థమైంది.

పరీక్ష రోజు

చెప్పిన రోజున చీడికాడ బెల్లం రాలేదు. మరునాడూ రాలేదు. రెండు రోజులూ మార్కెట్టులో బండ్ల మధ్య తిరిగి, పంచె అంచుకు బెల్లం అంటించుకుని వచ్చాను. పరీక్ష నాటి ఉదయం పదముగ్గురూ పుస్తకాలు చాప మీద వరుసగా పెట్టారు. నా ముందు చాప ఖాళీ. పంతులుగారు అడిగితే దారిలో ఉందన్నాను. పొద్దు గూకే లోపల ఎప్పుడిచ్చినా పరీక్షే అన్నారాయన. మార్కెట్టు వైపు చూస్తూ వాకిట్లో నిలబడ్డాను.

మధ్యాహ్నం కావస్తుండగా బెల్లం బండి ఒకటి వీధిలోకి తిరిగింది. కాడికి ఎడమవైపు కట్టింది నల్లెద్దు. నెమ్మదిగానే గాని, నాలుగు కాళ్ల మీదా సమంగా నడుస్తోంది. ముందు దాన్ని చూశాను, తరువాతే అప్పలనాయుణ్ని. ఎద్దు తేరుకునేదాకా ఆగి, దాన్ని కట్టుకునే వచ్చాడట. బాబుగారికి చూపించాలని.

కొత్త తువ్వాలులో చుట్టిన పుస్తకం నా చేతిలో పెట్టాడు. బరువుగా తగిలింది. విప్పి చూస్తే విడి పుటలు ముప్పై రెండూ వీపు దగ్గర ఒకే ముద్దగా అతుక్కుని, ఎర్రగా మెరుస్తున్నాయి.

"గాలికి లేసిపోతన్నాయండి, బాబుగోరూ. మా ఊళ్లో పాకం పట్టడంలో మొనగాడి సేత అంటించేను. ముదురు పాకం కాదండి. లేతదే ఏయించేను," అన్నాడు. అతని ముఖంలో ఎంత సంతోషమంటే, బాగుందనడం తప్ప నేను మరేమీ అనలేకపోయాను.

పుస్తకం గిడ్డంగిలో చాప మీద పెట్టానో లేదో, దిమ్మల వైపు నుంచి చీమల బారు బయలుదేరింది. మొదట నా పుస్తకం మీదికి, తరువాత పక్కవారి పుస్తకాల మీదుగా. పదముగ్గురు లేచి తమ తమ పుస్తకాలు నెత్తిన పెట్టుకున్నారు. రిజిస్టరును పంతులుగారు చంకన పెట్టుకున్నారు. నెల రోజులలో మొదటిసారిగా కుర్చీ ఖాళీ అయింది గాని, కూర్చోవడానికి నాకు తీరిక లేదు.

కాఫీ హోటలు నుంచి అణా ఇచ్చి బిందెడు వేడినీళ్లు తెచ్చాను. గుడ్డ తడిపి వీపు మీద వేసి, పాకం కరిగినకొద్దీ ఒక్కొక్క పుటే వదిలించాను. ప్రతి పుటనూ పళ్లెంలోని గోరువెచ్చని నీళ్లలో ముంచి తీసి, పాత వార్తాపత్రికల మధ్య ఆరవేశాను. అప్పలనాయుడు బెల్లం అమ్ముకోవడం మానేసి పక్కన గొంతుక్కూర్చుని విసనకర్రతో విసిరాడు. ఇరవై ఏడో పుట ముంచినప్పుడు మా ఇంటి ముద్ర ఊదారంగు నీళ్లలా కదిలి, పళ్లెం అంతా పరుచుకుని, వెలిసిపోయింది. తాతగారు ఏ సిరా వాడారో మరి. మొదటి పుట మీద నేను నల్ల సిరాతో రాసిన నాలుగు వందల పన్నెండు మాత్రం చెక్కు చెదరలేదు.

పురుగు పట్టకుండా మైలుతుత్తం కలిపిన మైదా జిగురుతో పుటలు మళ్లీ అతికి, కుట్టి, పొద్దు గూకే ముందు అప్పగించాను. ఒక పుట కాస్త వంకర పోయింది. పంతులుగారు పుస్తకాన్ని వెలుతురులో అటూ ఇటూ తిప్పి చూసి, అప్పలనాయుడి వైపు తిరిగారు.

"వడ్రంగి జిగురుతో అంటించి ఉంటే ఈ పుస్తకం ఈ జన్మలో విడిపోయేది కాదు. రేపు మరొకడు విప్పి బాగుచేయడానికి వీలుండేదే మంచి అతుకు. ఈ మాట ఈ నెలలో నేను చెప్పలేదు. ఈయన చేసి చూపించాడు."

అప్పలనాయుడికి ఏమి అర్థమైందో గాని, మీసం సవరించుకున్నాడు. నాకు పంతులుగారు యోగ్యతాపత్రం రాసి ఇచ్చారు. దానితోపాటు పుస్తకం కోసం చెయ్యి చాచాను. ఆయన రిజిస్టరు మళ్లీ కుర్చీ మీద పెట్టి, దాని మీద బండి రిజిస్టరులో నా దస్తూరీ ఉన్న పుట తెరిచి, "ఏ నంబరు చెరపమంటారు?" అని అడిగారు.

"చెరపవద్దు," అన్నాను.

సన్యాసి అప్పటికే ఎర్ర బుడిపె పట్టుకుని గుమ్మంలో నిలబడి ఉన్నాడు.

ఇల్లు

మా రేవులో పడవ దిగేసరికి సంఘం వారు వచ్చి ఉన్నారు. అధ్యక్షుడు యోగ్యతాపత్రం చదివి, మడిచి తిరిగి ఇచ్చి, అయితే తాళంచెవులు మీవేనండి అన్నాడు. మాట తప్పే మనిషి కాదు. వాళ్ల నాన్న కూడా అంతే.

మరునాడు ఎనిమిది అలమరాలూ ఒక్కరోజే తెరిచాను. రెండో అలమరాలో సగం పుస్తకాల పుటలు అంచులు కోయకుండా, కొన్న నాటినుంచి ఎవరూ విప్పకుండా ఉన్నాయి. ఐదోదానిలో ముందు వరుస బంగారు అక్షరాలతో మెరుస్తోంది. వెనక వరుసలో చెయ్యి పెడితే చెదమట్టి వచ్చింది. అద్దం లోంచి చూసి అన్నీ ఉన్నాయనుకుంటూ వచ్చాము. అధ్యక్షుణ్ని పిలిపించాను. ఇద్దరం చాప మీద కూర్చుని వారం రోజులు కలుపు తీశాము. మిగిలిన తొమ్మిది వందల ముప్పై పుస్తకాలకు నంబర్లు వేశాము. రిజిస్టరులో ఆ పుస్తకాల వరుస రెండో నంబరుతో మొదలవుతుంది. ఒకటో వరుసలో పశువైద్యం అని రాసి, పక్కన అనకాపల్లి బండిలో ఉంది అని రాశాను. పంతులుగారు చూస్తే ఒప్పుకోరు. ఆయన చూడరు.

ఊరి గ్రంథాలయంలో ఇప్పుడు ఆ పుస్తకాలకు తలుపులు లేని మామిడి చెక్క అరలున్నాయి. బుడిపెల కోసం ఏటికొప్పాకకు రాశాను. ఎరుపువి ఎక్కువ పంపమన్నాను.

ఎనిమిది టేకు అలమరాలనూ అమలాపురంలో మందుల షాపాయనకు అమ్మాము. తాళంచెవుల గుత్తి కూడా వాటితో పాటే ఇచ్చాను.